నడిదారిలో ఆగిన ప్రభువు

(శ్రమకాలపు సాయంకాల కూటంలో, ఒక ఆసుపత్రి ప్రార్థనాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రియమైన సహోదరీ సహోదరులారా, డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన నర్సులకు, తమవారిని కాసేపు చూస్తూ ఉండమని పక్క మంచం వాళ్లకు చెప్పి వచ్చి కూర్చున్న మీ అందరికీ ప్రభువు నామమున వందనాలు. శ్రమకాలంలో మనం సాధారణంగా సిలువ దారిని ధ్యానిస్తాం. ఈ సాయంకాలం నేను మరొక దారి గురించి మాట్లాడదలిచాను. మార్కు సువార్త అయిదో అధ్యాయంలో, గలిలయ సముద్రతీరం నుండి యాయీరు అనే సమాజమందిరపు అధికారి ఇంటికి పోయే దారి అది. దూరం ఎంతో సువార్తికుడు చెప్పలేదు. ఆ దారిలో నడుస్తున్న తండ్రికి మాత్రం అది ఎంత దూరంగా తోచి ఉంటుందో, 108 బండిలో బిడ్డ తల ఒళ్లో పెట్టుకుని ఈ ఆసుపత్రి గేటు దాకా వచ్చినవారికి తెలుసు.

"నా చిన్న కుమార్తె చావనై యున్నది" అని యాయీరు ప్రభువు పాదాల మీద పడ్డాడు. ఆయన ఊళ్లో పెద్దమనిషి. మందిరంలో ఎవరు లేఖనం చదవాలో, ఎవరు బోధించాలో చూసుకునే బాధ్యత గలవాడు. అలాంటివాడు నలుగురి ముందు నేలమీద పడటం చిన్న విషయం కాదు. బిడ్డ ప్రాణం మీదికి వచ్చినప్పుడు హోదా ఎక్కడ జారిపోతుందో ఎవరికీ గుర్తుండదు. ప్రభువు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా బయలుదేరాడు. జనం తోసుకుంటూ వెంట నడిచారు.

ఆ తోపులాటలోకి పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ వెనకనుంచి వచ్చింది. యాయీరు కూతురి వయసు కూడా పన్నెండేళ్లేనని మార్కు కథ చివర్లో చెబుతాడు. అంటే ఆ ఇంట్లో పురిటి పాప ఏడుపు వినిపించిన ఏడాదే ఈమె ఒంట్లో జబ్బు మొదలైంది. ఒక ఇంట్లో పన్నెండు సంవత్సరాలు ముద్దుమురిపాలతో గడిచాయి, మరొక బతుకులో అవే పన్నెండు సంవత్సరాలు నెత్తురుగా కారిపోయాయి. ఆమె పేరు సువార్తలో లేదు, ఊరు లేదు, భర్త ఉన్నాడో లేడో, పిల్లలు పుట్టారో లేదో ఆ మాటే లేదు. లేవీయకాండము పదిహేనో అధ్యాయం ప్రకారం ఆమె పడుకున్న పక్క, కూర్చున్న పీట అన్నీ అపవిత్రమే. వాటిని ముట్టినవాళ్లు బట్టలు ఉతుక్కుని స్నానం చేసి సాయంకాలం దాకా అపవిత్రులుగా ఉండాలి. ఇది ఒక వారానికో పది రోజులకో అయితే ఇల్లు సర్దుకుంటుంది. పన్నెండేళ్లపాటు ఎవరి చెయ్యీ తగలకుండా బతకడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆమె అనేకమంది వైద్యుల దగ్గరికి తిరిగి, ఉన్నదంతా ఖర్చు పెట్టుకుని, నయం కాకపోగా ఇంకా క్షీణించిందని మార్కు రాశాడు. ఈ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు మన ఆసుపత్రి బిల్లు కౌంటరు ముందు నిలబడి చీర కొంగు ముడి విప్పుతున్న తల్లులే కళ్లముందు మెదులుతారు. మొదట చేతిలో ఉన్న డబ్బు పోతుంది, తరువాత చెవి కమ్మలు తాకట్టుకు పోతాయి, తరువాత నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు వస్తుంది, ఆ తరువాత మేకలు, ఆ తరువాత పొలం. రోగం ఒంటిని తినే వేగం కంటే ఇంటిని తినే వేగమే ఎక్కువగా ఉంటుంది. ఇదే సంగతి చెప్పిన లూకా మాత్రం, ఆమె ఎవరి చేతా స్వస్థత పొందలేకపోయిందని చెప్పి ఊరుకున్నాడు, మరింత సంకటపడిందన్న మాట రాయలేదు. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు ఆయనను ప్రియుడైన వైద్యుడు అని పిలుస్తాడు గనుక, తన వృత్తి మీద ఆయనకు కాస్త కనికరం ఉండి ఉంటుందని నేను అనుకుంటాను. ఇక్కడ కూర్చున్న డాక్టర్లు ఈ కథ వింటూ తల దించుకోవలసిన పని లేదు. సువార్త వైద్యులను నిందించడానికి ఈ వాక్యం చెప్పలేదు. చేయగలిగిందంతా చేసి, చేతులు ఖాళీ అయిపోయిన మనిషిని చూపించడానికి చెప్పింది.

ఆమె ప్రభువు వస్త్రాన్ని ముట్టింది. మత్తయి, లూకా ఇద్దరూ అది వస్త్రపు చెంగు అని రాశారు. సంఖ్యాకాండము పదిహేనో అధ్యాయంలో ఇశ్రాయేలీయులు తమ బట్టల అంచులకు నీలి దారంతో కుచ్చులు కట్టుకోవాలని, వాటిని చూసినప్పుడు దేవుని ఆజ్ఞలు జ్ఞాపకం చేసుకోవాలని ఉంది. ధర్మశాస్త్రాన్ని గౌరవించే యూదుడిగా ప్రభువు కూడా వాటిని ధరించాడు. ఏ ధర్మశాస్త్రం ఆమెను ఎవరినీ ముట్టవద్దన్నదో, ఆ ధర్మశాస్త్రానికి గుర్తుగా ఉన్న కుచ్చును పట్టుకునే ఆమె బాగుపడింది. మన తెలుగు అనువాదంలో చెంగు అనే మాట పడటం నాకు ఎంతో ఇష్టం. భయం వేసిన పిల్ల అమ్మ చెంగు పట్టుకుంటుంది. అందరి ముందు అడగలేనిది ఏదైనా ఉంటే చెంగు లాగి మెల్లగా చెబుతుంది. ఈమె చేసిన ప్రార్థన అంతే. నోరు తెరవలేదు, చెంగు లాగింది.

వెంటనే నెత్తురు ఆగిపోయింది. తన ఒంట్లో జబ్బు నయమైందని ఆమెకే తెలిసింది. స్వస్థత అంటే జబ్బు పోవడం మాత్రమే అయితే కథ ఇక్కడితో అయిపోయినట్టే. ఆమె వచ్చినట్టే జనంలో కలిసిపోయి వెళ్లిపోయి ఉండేది, యాయీరు బిడ్డ దగ్గరికి ప్రభువు సమయానికి చేరి ఉండేవాడు.

ప్రభువు ఆగాడు. "నా వస్త్రములు ముట్టిన దెవరు" అని అడిగాడు. ఇంతమంది మీద పడుతుంటే ఎవరు ముట్టారని అడుగుతావేమిటని శిష్యులు అన్నారు. వాళ్ల మాటలో తర్కం ఉంది. ఆయన మాత్రం చుట్టూ చూస్తూనే ఉన్నాడు. నేను చాలా ఏళ్లు ఈ వాక్యాన్ని చదివి ముందుకు వెళ్లిపోయాను. ఒక రాత్రి అత్యవసర విభాగం బయట, లోపల కొడుకు ఉన్న ఒక తండ్రి పక్కన కూర్చున్నప్పుడు మొదటిసారి యాయీరు వైపు నుంచి చూశాను. ఆ తండ్రి ప్రతి అడుగుల చప్పుడుకూ లేచి నిలబడేవాడు. డాక్టరు దారిలో ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడితే ఆయన పిడికిళ్లు బిగుసుకునేవి. యాయీరు కూడా అలాగే నిలబడి ఉంటాడు. పన్నెండేళ్లుగా ఉన్న రోగం సాయంకాలం దాకా ఆగలేదా, నా బిడ్డ ఆగదు గదా అని ఆయన మనసులో అనుకుంటే ఎవరం తప్పు పట్టగలం? అయినా ప్రభువు కదలలేదు. ఆమె భయపడి వణుకుతూ వచ్చి, సాగిలపడి, తన సంగతి యావత్తూ ఆయనతో చెప్పింది. పన్నెండేళ్ల సంగతి రెండు నిమిషాల్లో చెబితే అయిపోయేది కాదు. ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లిందో, ఏ ఆకు నూరి తాగిందో, ఎవరు ఇంట్లోకి రానివ్వలేదో అంతా చెప్పి ఉంటుంది. ప్రాణం పోతున్న బిడ్డ ఇంటికి వెళ్లే దారిలో, పేరైనా తెలియని ఒక స్త్రీ మాట పూర్తయ్యే దాకా దేవుని కుమారుడు నిలబడి విన్నాడు.

విన్నాక ఆయన ఆమెను "కుమారీ" అని పిలిచాడు. నాలుగు సువార్తల్లోనూ ప్రభువు ఒక స్త్రీని ఎదురుగా పెట్టుకుని ఈ మాటతో పిలిచింది ఈమెనొక్కతెనే. యాయీరు కూతురి తరపున బతిమాలడానికి తండ్రి ఉన్నాడు. ఈమె తరపున వచ్చి ప్రభువు పాదాల మీద పడే తండ్రి ఎవరూ లేరు. అందుకే ఆమె వెనకనుంచి, దొంగచాటుగా రావలసి వచ్చింది. ఇప్పుడు ఊరి పెద్ద వింటుండగా, జనమంతా వింటుండగా, ఆమె కూడా ఒకరికి కూతురే అని ప్రభువు చెప్పాడు. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే యాయీరు ఇంటినుంచి మనుషులు వచ్చి "నీ కుమార్తె చనిపోయినది" అన్నారని తరువాతి వచనంలో ఉంది. ఒక కుమార్తెకు బతుకు వచ్చిన క్షణంలోనే మరొక కుమార్తె పోయిన కబురు అందింది. ఆ రెండు మాటల మధ్య యాయీరు గుండె ఏమై ఉంటుందో నేను చెప్పలేను. ప్రభువు ఆయన వైపు తిరిగి "భయపడకుము, నమ్మిక మాత్రముంచుము" అన్నాడు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అని ఈ కథలో ఉంది. లూకా ఏడో అధ్యాయంలో, పరిసయ్యుని ఇంట్లో కన్నీళ్లతో ప్రభువు పాదాలు తడిపిన స్త్రీతో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అని ఉంది. తెలుగులో రెండు మాటలుగా కనబడుతున్నవి గ్రీకు మూలంలో ఒకటే మాట. అక్కడ జబ్బు లేదు, ఇక్కడ ఉంది; ప్రభువు మాట మాత్రం మారలేదు. బాగుపడటాన్నీ రక్షణనూ మనం వేరు వేరు గదుల్లో పెట్టుకున్నాం, ఒకటి డాక్టరు చూసుకునేది, మరొకటి పాస్టరు చూసుకునేది అన్నట్టుగా. సువార్తలో వాటి మధ్య గోడ లేదు.

ఈ కథ నాకు అర్థమైంది గ్రంథాల వల్ల కాదని ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఇదే ప్రార్థనాలయంలో ఒక ఆదివారం నేను ప్రసంగిస్తుండగా, గుమ్మం బయట చెప్పులు విడిచే చోట ఒక తల్లి కూర్చుని ఉంది. స్త్రీల వార్డులో చేరిన మనిషి. గర్భసంచిలో గడ్డల వల్ల నెలల తరబడి నెత్తురు పోయి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. లోపలికి రమ్మని వేదిక మీదనుంచే చేత్తో సైగ చేశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను ప్రసంగం కొనసాగించాను. ఆరోజు నేను చెబుతున్నది దేవుని ప్రేమ గురించే. ఇంతలో వార్డులో పనిచేసే ఆయమ్మ వెనక వరుసలోంచి లేచి బయటికి వెళ్లి, ఆమె పక్కన ఆ చెప్పుల మధ్యనే కూర్చుంది. "ఏమ్మా, లోపలికి రావేం?" అని అడిగితే, "మైలమ్మా, గుడిలోకి ఎట్టా వచ్చేది?" అందట ఆమె. ఆయమ్మ బదులు చెప్పలేదు. ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని కూటం అయ్యే దాకా అక్కడే కూర్చుంది. నేను వేదిక దిగలేదు. ఆయమ్మ దిగింది. ఆ మాట మీతో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను.

మన భాషలో ముట్టు అనే మాటకు తాకడం అనే అర్థం ఉంది, స్త్రీల నెలసరి అనే అర్థమూ ఉంది. తాకడమూ తాకకూడనితనమూ ఒకే మాటలో ఇరుక్కుని ఉన్నాయి. అందుకే మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠరోగి కథ మన చెవులకు మరింత దగ్గరగా వినిపించాలి. "నీకిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవు" అని అతడు మోకాళ్లూనాడు. ప్రభువు కనికరపడి చెయ్యి చాపి వానిని ముట్టి, ఆ తరువాతే "నాకిష్టమే" అన్నాడు. ముందు చెయ్యి, తరువాత మాట. రోగం పోయాక ముట్టుకోవడానికి ఎవరైనా సిద్ధపడతారు. బైబిలులో కుష్ఠు అని ఉన్నదంతా ఈనాడు మనం కుష్ఠు అనేది కాదు. లేవీయకాండములో బట్టల మీద బూజుకూ, ఇంటి గోడ మీద మచ్చకూ కూడా ఆ మాటే వాడారు. అయితే ఆ మాట ఒక మనిషి మీద పడితే బట్టలు చించుకుని, పై పెదవి కప్పుకుని, "అపవిత్రుడను అపవిత్రుడను" అని అరుస్తూ పాళెం వెలుపల బతకాలి. ప్రభువు స్పర్శతో అతడు ఊళ్లోకి వెళ్లాడు. ఆ తరువాతి వచనం చూడండి: అతడు ఈ సంగతి అందరికీ చాటడం వల్ల ప్రభువు ఇక బహిరంగంగా పట్టణంలోకి రాలేక, వెలుపల అరణ్య ప్రదేశాల్లో ఉండిపోయాడు. బయట ఉన్నవాడు లోపలికి వెళ్తే లోపల ఉన్నవాడు బయటికి వచ్చాడు. సిలువ దారి గురించి మాట్లాడనని మొదట అన్నాను గాని, అది ఇక్కడే మొదలైంది.

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు ఊరి బావి దగ్గరికి రానివ్వని మాదిగపల్లెల వాళ్లు. "చెయ్యి చాపి వానిని ముట్టి" అనే మాట వాళ్లు మొదటిసారి విన్నప్పుడు ఎలా విని ఉంటారో మనలో చాలామందికి మన ముత్తాతల నుండి రక్తంలోనే తెలుసు. ఆ వినికిడి నుంచి పుట్టినవే మన సంఘాలు, ఇటువంటి ఆసుపత్రులు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అడుగుపెట్టినప్పుడు ఆమెకు ఆసుపత్రి లేదు. స్త్రీల కోసం ఆసుపత్రి తెరవడానికి 1898 దాకా పట్టింది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసాబెల్ కెర్ కుష్ఠరోగుల కోసం ఆసుపత్రి నడిపిన కాలానికి, ఆ రోగాన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. నయం చేస్తామన్న హామీ లేకుండానే వాళ్లు ముట్టుకున్నారు. ఇప్పుడు మందు ఉంది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, క్రమంగా వాడితే రోగం పోతుంది. అయినా నయమైపోయినవాళ్లను పెళ్లి పందిట్లో పక్కన కూర్చోబెట్టుకోవడానికి జంకే క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి.

ఇక నా మనసులో చాలాకాలంగా బరువుగా ఉన్న సంగతి చెబుతాను. డయాలసిస్ మీద ఉన్న భర్తను ఒక చెల్లెలు దూరపు ఊళ్లో ఏదో స్వస్థత కూటానికి తీసుకువెళ్లింది. అక్కడ, మీ ఇంట్లో విశ్వాసం చాలలేదు గనుకనే ఈయన బాగుపడలేదని ఆమెకు చెప్పి పంపారు. విశ్వాసం నిరూపించుకోవాలని ఆమె రెండు విడతల డయాలసిస్ మాన్పించింది. ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడని స్థితిలో ఆయనను ఇక్కడికి తీసుకువచ్చారు. ఆయన బతికాడు. కానీ ఆ చెల్లెలు వరండాలో గోడకు తల ఆనించి, "నా విశ్వాసమే తక్కువా అయ్యగారూ?" అని అడిగిన అడగడం నేను మరచిపోలేను.

ఆమెకు నేను యోహాను సువార్త అయిదో అధ్యాయం చదివి వినిపించాను. యెరూషలేములో గొర్రెల ద్వారం దగ్గర బేతెస్ద అనే కోనేరు ఉంది, దానికి ఐదు మంటపాలున్నాయి. ఆ చోటును తవ్వి బయటపెట్టారు. పక్కపక్కనే రెండు కోనేళ్లు, చుట్టూ నాలుగు వైపులా, మధ్య గట్టు మీద ఒకటి, అలా ఐదు మంటపాల లెక్క సరిపోతుంది. అక్కడ ముప్ఫయి ఎనిమిదేళ్లుగా పడి ఉన్న ఒక రోగిని "స్వస్థపడ గోరుచున్నావా" అని ప్రభువు అడిగితే, అతడు అవునని కూడా అనలేదు. నీళ్లు కదిలినప్పుడు తనను కోనేటిలోకి దించడానికి తనకు ఎవరూ లేరని చెప్పుకున్నాడు. అతడు ప్రభువును నమ్మానని ఎక్కడా అనలేదు. బాగుపడి నడిచిన తరువాత కూడా, తనను బాగుచేసింది ఎవరో అతనికి తెలియదని సువార్తే రాసింది. అతని విశ్వాసాన్ని ఎవరు తూచారు? ప్రభువు తూచలేదు. ఎవరూ లేనివాడి దగ్గరికి తానే వెళ్లాడు.

అదే కథలో మరొకటి ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఆ మంటపాల్లో గుంపులు గుంపులుగా రోగులు పడి ఉన్నారు. ఆ రోజు లేచింది ఒక్కడే. మిగతావాళ్ల సంగతి యోహాను రాయలేదు. మనం ఈ ఆసుపత్రిలో ప్రార్థన చేసి పంపినవాళ్లలో అందరూ నడిచి గేటు దాటలేదు. కొందరిని మనమే తెల్లటి గుడ్డ కప్పి పంపించాం. పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి రావలసి వచ్చింది. ఆ ముల్లు పోనందుకు పౌలుకు విశ్వాసం లేదని ఎవరైనా అనగలరా? బాగుకాని రోగి పక్కన మనం మాట వెతుక్కోనక్కరలేదు. కూర్చుంటే చాలు.

యాయీరు ఇంటికి తిరిగి వద్దాం. అక్కడ ఏడుపు, గోల. పిల్ల నిద్రపోతోంది అన్నందుకు వాళ్లు ప్రభువును అపహసించారు. ఆయన అందరినీ బయటికి పంపి, తల్లినీ తండ్రినీ ముగ్గురు శిష్యులనూ వెంటబెట్టుకుని లోపలికి వెళ్లి, పిల్ల చెయ్యి పట్టుకుని "తలీతాకుమీ" అన్నాడు. మార్కు ఈ మాటను గ్రీకులోకి మార్చి ఊరుకోకుండా ఆయన నోటినుంచి వచ్చిన అరామిక్ మాటనే అట్టిపెట్టాడు. అది పొద్దున్నే పిల్లను నిద్ర లేపే తల్లి మాట, లే చిట్టితల్లీ అన్నట్టుగా. పిల్ల లేచి నడిచింది. చూసినవాళ్లు విస్మయంతో మాట రాక నిలబడిపోయారు. అప్పుడు ప్రభువు ఆమెకు ఆహారం పెట్టమని చెప్పాడు. మరణాన్ని గెలిచిన గదిలో, ఆ పిల్లకు ఆకలేస్తుందని తట్టింది ఆయన ఒక్కడికే.

గుమ్మం దగ్గర కూర్చున్న ఆ తల్లికి మరుసటి వారం ఆపరేషన్ జరిగింది. మూడో రోజు నేను వార్డుకు వెళ్లేసరికి మంచం పక్కన అదే ఆయమ్మ, స్టీలు గ్లాసులో రాగి జావ ఊదుతూ, చెంచాతో ఆమె నోటికి అందిస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. "పొద్దుటినుంచీ ఏం తినలేదంట అయ్యగారూ" అంది. ఆమె గుటక వేసే దాకా నేను ప్రార్థన మొదలుపెట్టలేదు.

ఈ కూటం ముగిశాక మేము నలుగురం వార్డులకు వెళ్తున్నాం. మగవారి వార్డులో చివరి మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనకు పదకొండు రోజులుగా ఎవరూ రాలేదు. మాతో రాదలచినవారు రండి. పాటల పుస్తకం అక్కరలేదు. ఎవరి దగ్గరైనా ఫ్లాస్కులో పాలు ఉంటే తీసుకురండి.